కంటకాపల్లి విచారణ

పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడనుండి పాతపట్నము మీదుగా నడిపించిన చిన్నబండి రెండున్నర అడుగుల పట్టాలపై మెల్లగా పోయెడిది. నౌపడను తాకుచు పోవు హౌరా–చెన్నై మార్గమున నేడు, కంటకాపల్లి ప్రాంతమున, బండి వెనుక బండిని ఆటో సిగ్నళ్లు నడుపుచున్నవి.

2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి, అలమండల నడుమ, రాయగడ పాసింజరు ముందున్న పలాస పాసింజరును వెనుకనుండి గుద్దగా పదిమందికి పైగా అసువులు బాసిరి. చెడిన ఆటో సిగ్నలు కడ రెండు నిమిషములు నిలిచి, పిదప గంటకు 10 కిలోమీటర్లు మించక సాగవలెనని నియమము. రాయగడ బండి అట్టి రెండింటిని నియమము మీఱి దాటెనని ప్రాథమిక విచారణము తేల్చెను. అయితే దాని చోదకుడును, సహాయకుడును మృతులలో నుండిరి. చెప్పుకొనుటకు వారు లేరు. సిగ్నళ్లు చెడుట యెవరి లెక్కలోనిదో కూడ అడుగవలదా? ఇట్టి ప్రమాదములను విచారించు రైల్వే భద్రతా కమిషనరు రైల్వేశాఖకు గాక పౌరవిమానయాన శాఖకు లోబడి యుండుట ఇట్టి ప్రశ్నలను జంకక అడుగుటకే.