కుక్కల పేగు ఆపరేషన్‌కు సరైన కుట్టు సూది: యజమాని తెలుసుకోవలసిన విషయాలు

పొలం కాపలాకు, గొర్రెల మంద వెంట తిరగడానికి పెంచే కుక్కలు దొరికిందల్లా మింగుతుంటాయి. మొక్కజొన్న బెండు, మామిడి టెంక, ఎముక ముక్క, మాంసం వాసన అంటిన పురికొస వంటివి చిన్నపేగులో అడ్డుపడితే మందులతో పని జరగదు. పొట్ట కోసి, పేగు తెరిచి, ఆ వస్తువును తీసి, మళ్ళీ కుట్టవలసి వస్తుంది.

చాలాచోట్ల ఆపరేషన్‌కు కావలసిన కుట్టు సామగ్రిని చీటీ రాసి యజమానినే మందుల దుకాణం నుంచి తెమ్మంటారు. సూదిని నిర్ణయించేది పశువైద్యుడే. కానీ అది ఆపరేషన్ బల్ల మీదకు చేరేది మన చేతుల మీదుగా. అక్కడ పొరపాటు జరిగితే కుక్క ప్రాణానికే ముప్పు. అందుకే ఈ వివరాలు రైతులకు కూడా తెలిసి ఉండాలి.

పేగు అడ్డుపడిందని ఎప్పుడు అనుమానించాలి?

• తిన్నది, తాగిన నీళ్ళు కూడా వాంతి చేసుకోవడం
• మేత ముట్టకపోవడం, మూలన ముడుచుకుని పడుకోవడం
• పొట్ట తాకితే మూలగడం లేదా బిగపట్టడం
• మలం రాకపోవడం లేదా కొద్దికొద్దిగా జిగటగా రావడం

ఈ లక్షణాలు కనిపిస్తే అదే రోజు పశువైద్యశాలకు తీసుకువెళ్ళాలి. ఆలస్యమైన కొద్దీ అడ్డుపడిన చోట పేగుకు రక్త ప్రసరణ తగ్గి అది కుళ్ళడం మొదలవుతుంది. అప్పుడు పేగులో కొంత భాగాన్నే కోసి తీసేయవలసి వస్తుంది.

పేగుకు ప్రత్యేక సూది ఎందుకు?

పేగు గోడ పలచన. అందులో నాలుగు పొరలుంటాయి. వాటిలో లోపలి నుంచి రెండవదైన సబ్‌మ్యూకోసా అనే పొరే కుట్టును పట్టి ఉంచుతుంది. పేగు లోపల కోట్లాది సూక్ష్మజీవులుంటాయి. కుట్టు పక్కన సన్నని చీలిక ఉన్నా పేగులోని ద్రవం పొట్టలోకి కారి, పొట్ట లోపలి పొరకు తీవ్రమైన వాపు వస్తుంది. ఆ స్థితికి వచ్చిన కుక్కను బతికించడం చాలా కష్టం. కాబట్టి సూది వీలైనంత చిన్న రంధ్రం చేయాలి, ఆ రంధ్రాన్ని దారం నింపేయాలి.

సూదుల్లో ముఖ్య రకాలు

రౌండ్ బాడీ (టేపర్) సూది: మొన మాత్రమే వాడిగా ఉంటుంది. ఒంటికి పదును అంచులు ఉండవు. కణజాలాన్ని కోయకుండా పక్కకు జరుపుకుంటూ వెళుతుంది. పేగుకు వాడవలసింది ఇదే.

కటింగ్, రివర్స్ కటింగ్ సూదులు: అడ్డంగా చూస్తే త్రిభుజాకారంలో, పదునైన అంచులతో ఉంటాయి. గట్టిగా ఉండే చర్మానికి ఇవి బాగుంటాయి. పేగుకు వాడితే చేసిన రంధ్రం చీలికగా మారి, ముడి బిగించినప్పుడు ఇంకా సాగే ప్రమాదం ఉంది.

కన్నం ఉన్న సూది: దారాన్ని మనమే ఎక్కించాలి. కన్నం దగ్గర దారం రెండు పేటలై లావవుతుంది కాబట్టి రంధ్రం పెద్దదవుతుంది. పేగుకు దారం ముందే అతికించి వచ్చే సూది మేలు. ఇందులో సూది చివర, దారం ఇంచుమించు ఒకే లావులో ఉంటాయి.

వంపు, పొడవు, దారం

పేగుకు సాధారణంగా అర్ధవృత్తం (1/2 సర్కిల్) లేదా 3/8 సర్కిల్ వంపు సూదులు వాడతారు. పొట్ట లోపల ఇరుకు చోట అర్ధవృత్తపు సూది తిప్పడం సులువు. పొడవు ఎక్కువగా 17 నుంచి 26 మి.మీ. మధ్య ఉంటుంది.

దారం 3-0 లేదా 4-0 సైజు వాడతారు. సున్నాకు ముందున్న అంకె పెరిగిన కొద్దీ దారం సన్నబడుతుంది. అంటే 3-0 కన్నా 4-0 సన్నం. ఒంట్లో కరిగిపోయే ఒంటిపోగు దారాలు పేగుకు అనువైనవి. పాలిడయాక్సనోన్, పాలిగ్లెకాప్రోన్ 25 ఈ రకానివే. పాలిగ్లాక్టిన్ 910 కూడా కరిగేదే కానీ అల్లిక దారం. లాగేటప్పుడు కణజాలాన్ని కొంత ఒరుస్తుంది. క్యాట్‌గట్ త్వరగా బలం కోల్పోతుంది, పట్టు దారం కరగదు. ఈ రెండూ పేగుకు మంచివి కావు.

దుకాణంలో చూడవలసినవి

చీటీలో తరచుగా రెండు మూడు రకాల కుట్టు సామగ్రి ఉంటుంది. పేగుకు ఒకటి, పొట్ట కండరపు పొరకు కొంచెం లావు దారం, చర్మానికి కటింగ్ సూది ఉన్న దారం. పొరపాటు జరిగేది ఇక్కడే. ఒకసారి ఓ రైతుకు దుకాణంలో 3-0 రౌండ్ బాడీ లేదని 3-0 కటింగ్ ఇచ్చి, సైజు ఒకటే కదా అన్నారు. కుక్కకు మత్తు ఇచ్చే ముందే వైద్యుడు ప్యాకెట్ చూసి వెనక్కి పంపారు. అప్పటికే బలహీనపడిన కుక్క ఇంకో గంటన్నర అలాగే ఉండవలసి వచ్చింది. అందుకని డబ్బు కట్టే ముందే ఇవి చూసుకోవాలి:

1. రౌండ్ బాడీ సూదికి ప్యాకెట్ మీద వృత్తం, దాని మధ్యలో చుక్క గుర్తు ఉంటుంది. కటింగ్ రకాలకు త్రిభుజం ఉంటుంది.
2. దారం పేరు, సైజు, సూది వంపు, పొడవు చీటీతో సరిపోవాలి.
3. గడువు తేదీ దాటి ఉండకూడదు.
4. ప్యాకెట్ చిరిగి, తడిసి, తెరిచి ఉంటే తీసుకోకూడదు.
5. రాసింది దొరకకపోతే దుకాణం నుంచే వైద్యుడికి ఫోన్ చేసి అడగాలి. సొంతంగా మార్చి తేకూడదు.

ఆపరేషన్ తర్వాత

పేగు కుట్టాక వైద్యులు సెలైన్ ఎక్కించి కారుతున్నదేమో పరీక్షిస్తారు. అయినా మొదటి 3 నుంచి 5 రోజులు పేగు కుట్టు చాలా బలహీనంగా ఉంటుంది. ఈ రోజుల్లో కుక్కను పొలానికి వదలకూడదు, పరుగెత్తనివ్వకూడదు.

• వైద్యుడు చెప్పినప్పటి నుంచి కొద్దికొద్దిగా నీళ్ళు, మెత్తటి అన్నం, కారం, నూనె లేని ఉడికిన కోడి మాంసం పెట్టాలి. ఎముకలు పెట్టకూడదు.
• కుట్లు నాకకుండా మెడకు గరాటు ఆకారపు పట్టీ కట్టాలి.
• మళ్ళీ వాంతులు, జ్వరం, పొట్ట ఉబ్బరం, నీరసం కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకుండా వైద్యుడికి చెప్పాలి.
• చర్మం కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజులకు తీస్తారు.

చేయకూడనివి

• ఆముదం తాగించి అడ్డు కదుపుదామని చూడకూడదు.
• మలద్వారం నుంచి దారం లేదా పురికొస వేలాడుతుంటే లాగకూడదు. లోపల పేగు కోసుకుపోతుంది.
• గోనె సంచులు కుట్టే సూదితో, ఇంటి దారంతో ఎలాంటి గాయాన్నీ కుట్టకూడదు.
• శిక్షణ లేని వారి చేత పొట్ట ఆపరేషన్ చేయించకూడదు.

ఈ ఆపరేషన్‌కు మత్తు మందు, ఎక్స్‌రే వసతులు కావాలి. మీ ఊరి పశువైద్యశాలలో అవి లేకపోతే ఎక్కడికి తీసుకువెళ్ళాలో అక్కడి వైద్యుణ్ణే అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, తెలంగాణలో రాజేంద్రనగర్ వంటి చోట్ల పశువైద్య కళాశాలలున్నాయి. అన్నిటికన్నా ముందు బెండ్లు, టెంకలు, ఎముకలు కుక్కకు అందకుండా గుంతలో వేసి పూడ్చడం అలవాటు చేసుకుంటే ఈ ఆపరేషన్ అవసరమే చాలావరకు తప్పుతుంది.