హైపాక్సియా: ఆక్సిమీటరు చెప్పనిది

శరీర కణాలకు కావలసినంత ఆక్సిజన్ అందకపోవడమే హైపాక్సియా. పత్రికల్లో తరచూ దీనితో కలిసిపోయే మాట హైపాక్సీమియా. అది ధమనుల రక్తంలో ఆక్సిజన్ తగ్గడం. మొదటిది కణజాలానికి, రెండోది రక్తానికి సంబంధించినది.

ఇది పండితుల పట్టింపు కాదు. వేలికి తగిలించే పల్స్ ఆక్సిమీటరు హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందో మాత్రమే అంచనా వేస్తుంది. తీవ్ర రక్తహీనతలో అసలు హిమోగ్లోబినే తక్కువ. ఉన్న కాస్తా నిండి ఉంటే మీటరు 98 చూపించవచ్చు, కణాలకు మాత్రం చాలదు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవారి విషయంలో మోసం ఇంకా పెద్దది: కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌నూ మామూలు మీటరు ఆక్సిజన్ పట్టినట్టే లెక్కగడుతుంది.

కోవిడ్ కాలంలో దీనికి తలకిందులుగా జరిగింది. మీటరు 80 చూపుతున్నా కొందరు రోగులు ఆయాసం లేకుండా ఫోన్లో మాట్లాడేవారు. ఆయాసాన్ని ముఖ్యంగా రేపేది కార్బన్ డయాక్సైడ్ పెరగడం. వీరిలో అది పెరగలేదు. దీనికి 'హ్యాపీ హైపాక్సియా' అని పేరు పడింది. కొలిచింది రక్తాన్ని కనుక 'సైలెంట్ హైపాక్సీమియా' అనడమే సరి. రోగికి అందులో హ్యాపీ ఏముంది?

2021 రెండో వేవ్‌లో సూరత్ దగ్గర, డుమస్‌కు ఆవల తాపీ నది అవతలి ఒడ్డున ఉన్న హజీరాలో, ఉక్కు కర్మాగారం పక్కనే ఆస్పత్రి పెట్టి ఆక్సిజన్ వాయువును నేరుగా పడకలకు పంపారు. ట్యాంకర్లతో పని లేదు. ఆ మే 10న తిరుపతి రుయా ఆస్పత్రి తమిళనాడు నుంచి రావలసిన ట్యాంకర్ కోసం ఎదురుచూసింది. కొన్ని నిమిషాలు ఒత్తిడి పడిపోయింది. అధికారుల లెక్కలో మృతులు 11 మంది.