శేషాచలంలో ఎర్రచందనం నరికివేత

ప్రపంచంలో ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. కడప, చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల్లోని శేషాచలం, పాలకొండ, వెలిగొండ కొండలు దీనికి పుట్టినిల్లు. ఇక్కడ 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం, 2010లో శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతం ఏర్పడ్డాయి. అడవి జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో 1995 నుంచే ఈ చెట్టు ఉంది. అయినా గొడ్డలి ఆగలేదు.

చెట్టులో విలువంతా చేవది. చైనాలో ఖరీదైన కలపసామానుకు, జపాన్‌లో సంగీత వాద్యాలకు దాన్ని వాడతారు. చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది కాబట్టి దొంగలు ముదురు చెట్లనే వెతికి నరుకుతారు. బెరడు, పైచెక్క అక్కడే చెక్కేసి, దుంగలను భుజాన మోసి రహదారికి చేర్చుతారు. అక్కడి నుంచి వాహనాల్లో ఓడరేవుల వైపు తరలిస్తారు. విత్తనమిచ్చే చెట్లే పోవడంతో అడవి తిరిగి పుంజుకోవడం కష్టమవుతోంది.

నరికే కూలీల్లో చాలామంది తమిళనాడు జవ్వాది కొండల పేదలు. 2013 డిసెంబరులో స్మగ్లర్ల దాడిలో ఇద్దరు అటవీ అధికారులు మరణించారు. 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. ప్రత్యేక కార్యదళం ఏర్పాటైంది, 2016లో అటవీ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. కానీ పట్టుబడేది ఎక్కువగా కూలీలే. పెట్టుబడి పెట్టి ఎగుమతి చేయించే వారిని శిక్షించలేకపోవడమే ఈ రక్షణ వ్యవస్థ అసలు వైఫల్యం.