జపమాలలోని దేవరహస్యములు

పూసలను లెక్కించుచు భగవన్నామమును స్మరించుట అనేక మతములలో కనవచ్చు ఆచారము. మన యిండ్లలోని తులసిమాలలకు, రుద్రాక్షమాలలకు నూటయెనిమిది పూసలుండును. ముస్లిములు తస్బీహు పూసలపై దైవనామములను స్మరింతురు. కథోలిక క్రైస్తవుల జపమాలయు ఈ కుటుంబమునకు చెందినదే. అయితే దానికొక ప్రత్యేకత కలదు. వ్రేళ్ళు పూసను జరుపుచుండగా, పెదవులు జపమును పలుకుచుండగా, మనస్సు క్రీస్తు జీవితమునందలి యొక దృశ్యమును చూచుచుండవలెను. ఆ దృశ్యమునకే దేవరహస్యమని పేరు.

జపమాలలో ఒక్కొక్క పదికి ముందు ఒక పరలోక జపమును, పిదప పది మంగళవార్త జపములను, చివర త్రిత్వస్తుతిని చెప్పుదురు. ఒక్కొక్క పదికి ఒక్కొక్క రహస్యము. పూర్వమునుండి వచ్చినవి పదునైదు. దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పుట మొదలుకొని, తప్పిపోయిన పండ్రెండేండ్ల బాలుడు దేవాలయమున కనబడుట వరకు ఐదు సంతోష రహస్యములు. తోటలో యేసు పడిన వేదన మొదలుకొని సిలువపై మరణము వరకు ఐదు దుఃఖ రహస్యములు. పునరుత్థానము మొదలుకొని మరియమ్మ కిరీటధారణము వరకు ఐదు మహిమ రహస్యములు.

రహస్యమనగా ఇచ్చట దాచిపెట్టిన సంగతి యని అర్థము కాదు. ఎంత తలచినను తరుగని లోతుగల సంఘటన యని అర్థము. దృశ్యము ప్రతిదినము అదియే. తలచువాని జీవితము మాత్రము ప్రతిదినము ఒక్క తీరున నుండదు. బాలుడు తప్పిపోయిన ఘట్టమును పెండ్లియింట తలచుట వేరు, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి తలచుట వేరు. నిత్యజపములోని బలము ఈ భేదమునందే యున్నది.

ఈ పద్ధతి ఒక్కనాడు పుట్టినది కాదు. మధ్యయుగమున ఐరోపా మఠములలోని సన్యాసులు బైబిలులోని 150 కీర్తనలను గానము చేయుచుండిరి. చదువురాని సామాన్యులకు అది సాధ్యము గాదు. కావున వారు కీర్తనలకు బదులుగా 150 పరలోక జపములనో, 150 మంగళవార్త జపములనో చెప్పుకొనిరి. లెక్క తప్పకుండుటకు దారమున పూసలు వచ్చినవి. జపమాల చదువురానివాని కీర్తనగ్రంథమైనది.

కాని ఒకే మాటను నూటయేబది మారులు పలుకునపుడు మనస్సు ఎచ్చటనో తిరుగును. దీనికి ఉపాయము 15వ శతాబ్ది తొలి దశకములలో జర్మను దేశపు ట్రియరు పట్టణమున కార్తూసియను మఠవాసియైన ప్రష్యా దొమినిక్కుకు తోచినది. ఆ కాలమున మంగళవార్త జపము యేసు నామముతో ముగియుచుండెడిది. ఆయన ఆ నామమునకు తరువాత క్రీస్తు జీవితములోని యొక ఘట్టమును స్మరింపజేయు చిన్న వాక్యమును చేర్చెను. ఏబది జపములకు ఏబది వాక్యములు. జపమును నిలిపి కథ చెప్పుట గాక, జపములోనే కథను నడపుట ఇందలి విశేషము.

ఏబది వాక్యములను కంఠస్థము చేయుట మరల చదువుకొన్నవారి పనియే. కావున పదింటికొక్క దృశ్యము చాలునను పద్ధతి ప్రబలినది. 1475లో కొలోను నగరమున దొమినికను సభవారు జపమాల సమాజమును స్థాపింపగా, సామాన్యజనులు పెక్కుమంది అందు చేరిరి. 1483లో ఉల్మ్ పట్టణమున అచ్చైన యొక పుస్తకములో పదునైదు రహస్యములకు చెక్కడపు బొమ్మలున్నవి. అక్షరము రానివారు బొమ్మను చూచి ధ్యానింపవచ్చును. 1569లో అయిదవ పయస్సు పోపు ఈ జపపద్ధతికి అధికారముద్ర వేసెను. అప్పటికి జపమాల ఐరోపా దాటి, నావికులతోను గురువులతోను దూరదేశములకు పయనమై యుండెను.

ఈ ధ్యానమునకు మిక్కిలి కఠినమైన పరీక్ష జపానులో జరిగినది.

ఫ్రాన్సిస్ సవేరియారు 1549 ఆగస్టు 15న జపానులోని కగోషిమాలో దిగెను. తరువాతి అరువది యేండ్లలో అచ్చటి రైతులు, జాలరులు, ప్రభువులు పెక్కుమంది జ్ఞానస్నానము పొందిరి. 1607లో యేసు సభవారు నాగసాకిలో ముద్రించిన యొక ఆధ్యాత్మిక గ్రంథమున ఈ పదునైదు రహస్యముల ధ్యానములు జపాను భాషలోనే వెలసినవి. ఏడేండ్లకు, 1614లో, తోకుగావా ప్రభుత్వము దేశమంతటను క్రైస్తవమును నిషేధించెను. గురువులను వెడలగొట్టిరి, చాటున నిలిచినవారిని పట్టి చంపిరి. గురువుల ఆచూకి చెప్పినవారికి బహుమానము ప్రకటించిరి. ఐదేసి కుటుంబములను ఒక కట్టగా కట్టి, ఒకరి తప్పునకు అందరును బాధ్యులని శాసించిరి. ప్రతి కుటుంబమును ఏదో యొక బౌద్ధాలయమున పేరు వ్రాయించుకొనవలెను. నాగసాకి ప్రాంతమున ఏటేట జనులచే క్రీస్తు మరియమ్మల ప్రతిమలను కాలితో త్రొక్కించిరి. దొరకిన పూసలమాల ప్రాణమునకే ముప్పు తెచ్చెడి సాక్ష్యమైనది. 1644 నాటికి ఆ దేశమున గురువు ఒక్కడును మిగులలేదు.

పుస్తకము లేదు, గురువు లేడు, మాలను పైకి తీయుటకు వీలులేదు. అప్పుడు జపమాలలో నిలిచినదేమి?

రెండు సాక్ష్యములు మనకు లభించినవి. మొదటిది ఒసాకాకు సమీపమున ఇబరకి కొండపల్లెలలో బయటపడిన చిత్రపటము. క్రైస్తవ ప్రభువైన తకయామా ఉకోను ఏలుబడిలో ఒకప్పుడుండిన ప్రాంతమది. ఆయన 1614లో దేశభ్రష్టుడై, మరుసటి యేడు మనీలాలో కన్నుమూసెను. అచ్చటి కుటుంబమొకటి తరతరములుగా దాచిన పటము 1930లో వెలికి వచ్చినది. జపాను రంగులతో చిత్రించిన ఆ పటము నడుమ బిడ్డనెత్తుకొన్న మరియమ్మ. చుట్టును వరుసగా పదునైదు రహస్యములు. నేడది క్యోటో విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నది.

రెండవది మరింత ఆశ్చర్యకరము. క్యూషూకు వాయవ్యమున హిరాడోను ఆనుకొని ఇకిత్సుకి యను చిన్న దీవి కలదు. చేపలు పట్టుట, తిమింగిలముల వేట, వ్యవసాయము అచ్చటివారి వృత్తులు. అచ్చటి రహస్య క్రైస్తవులు చిన్న చిన్న బృందములుగా కూడుచుండిరి. పోర్చుగీసు మాటను తమ నాలుకకు తగినట్లు మార్చి ఆ బృందమును కొంపాన్య యనిరి. ఒక్కొక్క బృందమునకు పదునాఱు కొయ్యబిళ్ళలుండెడివి. ఒకటి తల్లిబిళ్ళ. మిగిలిన పదునైదును మూడు జట్టులు: ఐదు సంతోషములు, ఐదు దుఃఖములు, ఐదు గురురియలు. ఈ చివరి మాట జపాను మాట గాదు. మహిమ యను అర్థముగల గ్లోరియా యను మాటయే అట్లు మారినది. నెలకొకమారు బృందము కూడి, ఒక్కొక్కరు ఒక్కొక్క బిళ్ళను తీయుదురు. సంతోషము వచ్చెనా, దుఃఖము వచ్చెనా, మహిమ వచ్చెనా యని చూచుకొందురు.

కొందరు దీనిని చూచి, ధ్యానము కాలక్రమమున శకునము చూచుటగా దిగజారినదని చెప్పుదురు. ఆ మాటలో కొంత నిజమున్నది. తీసిన బిళ్ళనుబట్టి ఆ నెల మంచిచెడ్డలను ఊహించుట అచ్చటి వాడుక. ఒరాషో యని వారు పిలుచు జపములలో లాటిను మాటలు గుర్తుపట్టరానంతగా మారిపోయినవి. పలుకువారికే పలుచోట్ల అర్థము తెలియదు. ట్రియరు సన్యాసి ఏ కొఱతను తీర్చుటకై వాక్యములను కూర్చెనో, ఆ కొఱతయే ఇచ్చట మరల తలయెత్తినది. మాట మిగిలినది, దానివెనుకనుండిన కథ చాలవరకు సన్నగిల్లినది.

అయినను పూర్తిగా నశింపలేదు. బిళ్ళలు పదునైదే, జట్టులు మూడే. వాని క్రమము చెదరలేదు. మానవజీవితము సంతోషముగను, దుఃఖముగను, మహిమగను మూడు భాగములై యుండునని, దుఃఖము తరువాత ఇంకొక భాగము కలదని, గురువు లేని రెండువందల యేండ్లపాటు ఆ జాలరులు తమ బిడ్డలకు చేతితో చూపుచు వచ్చిరి. పట్టుబడినచో ప్రాణము పోవునని ఎరిగియు చూపిరి. దుఃఖపు బిళ్ళ చేతికి వచ్చినవాడు, పెట్టెలో మహిమ బిళ్ళలైదు ఉన్నవని మాత్రము ఎరుగును. అదియు ఒక ధ్యానమే.

1865 మార్చి 17న నాగసాకిలో క్రొత్తగా కట్టిన ఔరా దేవాలయమునకు ఉరకామి పల్లెవారు కొందరు వచ్చి, ఫ్రెంచి గురువైన పెతీజానుతో తమ హృదయమును ఆయన హృదయమును ఒక్కటే యని చెప్పి, సాంతా మరియ ప్రతిమ ఎచ్చటనున్నదని అడిగిరి. నిషేధము ఇంకను తొలగలేదు. కొలది యేండ్లలో ఉరకామివారిని మూడువేలకు పైగా దేశమునందలి పలుచోట్లకు ప్రవాసము పంపిరి. వందలకొలది మరణించిరి. 1873లో నిషేధపు పలకలను తీసివేసిన పిమ్మట బ్రదికియున్నవారు ఇల్లు చేరిరి. ఉరకామివారు కథోలిక సభతో కలిసిరి. ఇకిత్సుకిలో పెక్కుమంది తమ పెద్దల పద్ధతిని వీడక, బిళ్ళలతోనే నిలిచిరి.

2002లో రెండవ జాన్ పాల్ పోపు, క్రీస్తు జ్ఞానస్నానము మొదలుగాగల ఐదు వెలుగు రహస్యములను జపమాలకు చేర్చెను. దీనితో రహస్యములు ఇరువదియైనవి. ఇకిత్సుకి బిళ్ళలకు ఈ సంగతి తెలియదు. పడుచువారు పట్టణములకు తరలిపోగా, ఆ బృందములు ఒకటొకటిగా చెదరిపోయినవి. కొన్ని వస్తువులు ఆ దీవిలోని ప్రదర్శనశాలను చేరినవి.

అద్దపు బీరువాలోని బిళ్ళ చెప్పుకొనదగిన చారిత్రక సంపద. కాని జపమాల చరిత్ర మొదటినుండియు చెప్పుచున్న దేమనగా, రహస్యము వస్తువులో నివసింపదు. అలసిన మనుష్యుడు దినమునకొకమారు దానిని మరల తలచుటలో నివసించును. దారముపై పూసయైనను, పదిమంది నడుమ కొయ్యబిళ్ళయైనను, ఆ తలపునకు ఊతకఱ్ఱ మాత్రమే. ఊతకఱ్ఱను పెరికివేసినను ఇకిత్సుకివారు మరియొకదానిని చెక్కుకొని నడచిరి. తీరిక దొరకలేదని ప్రార్థనను మానుకొను మనకు, ఏ మతమువారమైనను, ఆ నడక స్మరింపదగినది.