పాత పిడికి క్రొత్త అలుగు

కత్తికి పిడి, అలుగు అని రెండు భాగములు. అలుగు పని చేయును. పిడి చేతికి అలవడును. అలుగు అరగును, విరుగును, త్రుప్పు పట్టును. పిడి మాత్రము వాడినకొలది నునుపెక్కును. ఈ రెండింటి ఆయుర్దాయములు సమానములు కావు. కావుననే పాడైన అలుగును తీసివేసి, అలవాటైన పిడికి మఱియొక అలుగు అమర్చుట మానవునకు మిక్కిలి పాత విద్య. జేబులో ఇముడు మడతచాకు వచ్చిన పిమ్మట ఈ విద్యకు అడ్డు ఎట్లు వచ్చినదో, నేడు కొందఱు ఆ అడ్డును ఎట్లు దాటుచున్నారో చెప్పుటకు పూర్వము, మా కంబదూరి కొలిమివద్ద కొంచెము సేపు నిలువవలయును.

కంబదూరు అనంతపురము జిల్లాలో కల్యాణదుర్గమునకు చేరువనున్న మెట్టసీమ గ్రామము. జిల్లా సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి వానయు ఎన్నడు పడునో రైతునకు తెలియదు. పడిన పిమ్మట నేల ఆఱకముందే విత్తవలయును. తెలుగున నేలలోని తగిన తేమను పదును అందురు. కత్తి వాదరకు గల వాడిని కూడ పదును అనియే అందురు. ఈ రెండు పదునులు ఒకేవేళ కలిసిననే మెట్టసేద్యము సాగును. నేల పదునున్న నాలుగు దినములలో గుంటకకు అడుగున బిగించు ఇనుప పాస మొద్దుబాఱియున్నచో, ఆ యేటి పంటకే ముప్పు. కమ్మరి అవసరము రైతునకు ఎంతటిదో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

తామస్ మన్రో 1800 నుండి 1807 వఱకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండెను. ఆ నాటికి ఈ సీమ గ్రామములలో ఆయగాండ్ర వ్యవస్థ నిలిచియుండెను. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, మంగలి, చాకలి మున్నగువారికి పని పనికి కూలి గాక, పంట కళ్ళమునకు వచ్చినప్పుడు ధాన్యపు వంతు ముట్టుచుండెను. ఇందు ఒక సూక్ష్మము కలదు. వెలకట్టి అమ్ముకొను కమ్మరికి కొడవలి త్వరగా పాడగుట లాభము. ఏటి వంతు పుచ్చుకొను కమ్మరికి అది చిరకాలము నిలుచుట లాభము. ఆ వ్యవస్థలో కులముల కట్టుబాటును, పంట పోయిన ఏట కమ్మరి యింట పస్తును ఉండెను. దానిని పొగడుట నా ఉద్దేశము కాదు. పనిముట్టును బాగుచేయు బాధ్యత ఊరిలోనే ఒక మనిషిపై నుండెననుట మాత్రమే నా తాత్పర్యము.

ఆ బాగుచేయు విధమెట్టిది? మెత్తని ఇనుము వాదరను నిలుపదు. ఉక్కు నిలుపును గాని దాని వెల హెచ్చు. అందుచేత కమ్మరి పనిముట్టు ఒడలిని ఇనుముతో చేసి, వాదరకు మాత్రము ఉక్కుముక్కను అతికెడివాడు. అది అరిగినపుడు పాత ఒడలినే కొలిమిలో బాగుగా కాల్చి, దాగలిపై సమ్మెటతో క్రొత్త ఉక్కును అతికి, నీట ముంచి గట్టిపఱచెడివాడు. కంబదూరి మల్లికార్జునాలయపు రాళ్ళను చెక్కిన ఉలులును ఇట్టి కొలిమికి మాటిమాటికి వచ్చియుండవలయును. రాతిపై ఉలి వాదర ఎంతోసేపు నిలువదు.

ఉక్కు విషయమున తెలుగువారి కీర్తి దూరదేశములకు ప్రాకినది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున ఉక్కు చేయుటను, దానికై పారశీక వర్తకులు వచ్చుటను గూర్చి వాయ్‌సీ అను ఆంగ్లేయుడు వ్రాసిన వ్యాసము 1832లో ప్రకటింపబడెను. దక్షిణదేశపు ఉక్కును ఐరోపీయులు వూట్జ్ అనిరి. ఆ పదమునకు మన ఉక్కు అను మాటయే మూలమని పెక్కురు పండితుల అభిప్రాయము. జార్జి పియర్సన్ 1795లో ఆ ఉక్కును పరీక్షించి లండను రాయల్ సొసైటీకి నివేదించెను. జేమ్స్ స్టోడార్టు అను లండను కత్తుల పనివాడు దానితో వాదరగల పరికరములు చేసి మెచ్చుకొనెను. మైకేల్ ఫారడే 1820 ప్రాంతమున అతనితో కలిసి ఆ ఉక్కుపై పరిశోధనలు చేసెను.

ఇక మడతచాకు కథ. పెక్కు పనిముట్లను ఒక్క పిడిలో ఇముడ్చుట నిన్న మొన్నటి యోచన కాదు. తాటియాకు గ్రంథముల కాలమున, వ్రాయు గంటమును ఆకు కత్తిరించు చిన్నకత్తిని ఒకే పరికరమున కూర్చుట దక్షిణదేశమున గలదు. వానిలో కొన్ని పిడిలోనికి మడుచుకొనునవి. తమిళులు వానిని మడక్కెళుత్తాణి అందురు. కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం ప్రదర్శనశాలయందు రోమకుల నాటి వెండి మడత పరికరము ఒకటి కలదు. అది క్రీ.శ. 3వ శతాబ్దమునకు చెందినదందురు. చెంచా, ముల్లుగరిట మొదలైనవి అందున్నవి. దాని ఇనుప అలుగును మాత్రము త్రుప్పు తినివేసినది, వెండి నిలిచినది. అలుగుకంటె పిడి ఆయువు పెద్దదనుటకు ఇంతకు మించిన సాక్ష్యమేమి?

ఇంగ్లండులోని షెఫీల్డు నగరపు జోసెఫ్ రాడ్జర్స్ సంస్థ 1822లో 1822 అలుగులు గల ఒక చాకును నిర్మించి, పిమ్మట ఏటేట ఒక్కొక్క అలుగును చేర్చు ఆచారము పెట్టెను. అది జేబులో పట్టునది కాదు. పనితనమును చూపుటకు చేసినది. సామాన్యుని జేబులోనికి వచ్చిన చాకు స్విట్జర్లాండునుండి వచ్చినది. అచ్చటి సేన 1889 నాటి తన క్రొత్త తుపాకికి తగినట్లు ఒక చాకును కోరెను. అందు అలుగు, రంధ్రము చేయు మొన, డబ్బా మూత కోయు పనిముట్టు, మరమేకులు త్రిప్పు పనిముట్టు ఉండవలయును. మొదటి చాకులు జర్మనీలోని జోలింగెన్ నగరమున తయారైనవి. ఇబాక్ గ్రామపు కార్ల్ ఎల్సెనర్ 1891లో వానిని స్వదేశముననే చేసి యిచ్చుట ఆరంభించెను. 1897లో అధికారుల చాకును నమోదు చేయించెను.

ఇందొక విడ్డూరము గలదు. ఆ చాకులోని మరమేకుల పనిముట్టు సైనికుడు తన తుపాకిని విప్పుకొనుటకై పెట్టినది. తుపాకిని విప్పు ఆ చాకు మాత్రము విప్పుటకు వీలులేనిది! దాని అరలను ఇరువైపుల తల కొట్టిన సీలలు బిగించియుంచును. అలుగు విరిగినచో, సానపట్టుటయే తప్ప మార్చుటకు మార్గము పైకి కనబడదు.

అలుగు మార్చుటను యంత్రయుగము మఱచిపోలేదు. 1904లో జిలెట్ పేటెంటు పొందిన గడ్డపుకత్తిలో బ్లేడు మారును. 1915లో మోర్గన్ పార్కర్ పేటెంటు పొందిన శస్త్రవైద్యుని కత్తిలోను మారును. కాని అచ్చట పాత బ్లేడు పాఱవేయుటకే. మార్చుట వచ్చినది, బాగుచేయుట పోయినది.

నేడు లోకమున అనేక దేశములలో కొందఱు ఔత్సాహికులు ఈ రెండింటిని మరల కలుపుచున్నారు. వారు చాకు పైచెక్కలను మెల్లగా ఎత్తుదురు. లోపల పలుచని రేకుల నడుమ అరలును, అరల వెనుక ఉక్కు కమానులును కనబడును. సీల తలను ఆకురాయితో రాచి, సన్నని ఉక్కుపుల్లతో తట్టినచో సీల వెలువడును. అరలు పుటలవలె విడిపోవును. విరిగిన అలుగును తీసి, అదే కొలతగల మఱియొక చాకులోని అలుగును చేర్చుదురు. అక్కఱలేని పనిముట్టు తీసి, ఱంపమో కత్తెరయో పెట్టుకొనువారును కలరు. పిమ్మట క్రొత్త ఇత్తడి సీల దూర్చి, దాని కొనలను చిన్నసుత్తితో పఱచుదురు. ఎక్కువ తట్టిన అలుగు కదలదు. తక్కువ తట్టిన ఊగును. కమాను బిగి చాలకున్నచో పనివేళ చాకు మడుచుకొని వ్రేళ్ళు తెగును. కావున ఇది ఓర్పుగలవారి పని.

ఇట్లు మార్చిన చాకు పాతదా, క్రొత్తదా? ఫ్రెంచివారిలో జానో కత్తి అను సామెత గలదు. అలుగు మార్చి, పిమ్మట పిడి మార్చి, అయినను అదే కత్తి యని జానో వాదించెనట. మన దేశమున మిళిందునకు నాగసేనుడు రథపు భాగములను చూపి ఇట్టి ప్రశ్ననే వేసెను. పండితుల సమాధానములు ఎట్లున్నను, నాకు ఒక చాకే సమాధానము చెప్పినది.

అది మా తండ్రిగారిది. నా బాల్యమున దాని పెద్ద అలుగు విరిగినపుడు కంబదూరి కమ్మరియొద్దకు కొనిపోయితిమి. ఆచారి దానిని త్రిప్పి త్రిప్పి చూచి, "దీన్ని ఇప్పేదానికి దావ పెట్టలేదు సామీ. కొడవలైతే నాది పూచీ. ఇది చేసినోనిది" అనెను. ఆ మాట నాకు చిరకాలము గుర్తుండెను. తండ్రిగారు పోయిన పిమ్మట, అదే కొలతగల ఒక పాతచాకు బెంగుళూరు సంతలో దొరకగా, పైన చెప్పిన విధముననే అలుగు మార్చితిని. ఆచారికి చూపవలయునని కంబదూరు పోయితిని. ఆచారి లేడు. కొలిమి చల్లాఱినది. ఆయన కుమారుడు ఆ తావుననే వెల్డింగు అంగడి నడుపుచుండెను.

అతడు చాకును ఒకమాఱు తెఱచి, ఒకమాఱు మూసి, "సీల కొంచెం బిగువైంది సామీ" అనెను. నేను అడుగకముందే ఒక చుక్క నూనె వేసి, అలుగును ఇటునటు ఆడించి, ప్రక్కనుండి సుత్తితో రెండు చిన్న దెబ్బలు కొట్టి నా చేతికిచ్చెను. అది మా తండ్రిగారి చేతిలో తెఱచుకొనినట్లే తెఱచుకొనెను. వెల ఎంతని అడిగితిని. నవ్వి, చేయి తుడుచుకొని, తన పనికి మరలెను.