మోగే లైను – ఎత్తే చెయ్యి
(చిన్న ఆఫీసు టెలిఫోను కథ)



టెలిఫోను శాఖలో మెకానిక్‌గా చేరి, ఆ శాఖలోనే పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇంటి ఫోను సంగతి అందరికీ తెలిసినదే. ఆఫీసు బల్ల మీద రెండు మూడు లైన్లను ఒంటిచేత్తో సంబాళించే ఫోను కథ వేరు. అది నాలుగు మాటల్లో చెబుతాను.

మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు ఎక్స్‌ఛేంజీలు 1882 జనవరి 28న ప్రారంభమయ్యాయి. ఆ తరువాత నూరేళ్లు గడిచినా లైను దొరకడమే గగనం. దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసినవారు మనలో ఎందరో! కనుక వచ్చిన ఒకటి రెండు లైన్లను పది బల్లలవారు ఎలా పంచుకోవాలి అన్నదే ఆఫీసు ఫోను చరిత్రంతా.

పెద్ద కార్యాలయాల్లో పి.బి.ఎక్స్. బోర్డు ఉండేది. కాల్ రాగానే బోర్డు మీద చిన్న మూత పడేది. ఆపరేటరు త్రాడు గుచ్చి, ఎవరు కావాలో కనుక్కొని కలిపేవారు. చిన్న ఆఫీసుకు అంత స్తోమత ఎక్కడిది? ఒకే లైనుకు రెండు ఫోన్లు కలిపి ఇచ్చేవాళ్లం. ఆఫీసరు మాట్లాడుతుంటే గుమస్తా ఎత్తినా వినబడేది. రహస్యం అన్నది లేదు. అవతలివారిని ఆగమనాలంటే రిసీవరు బల్ల మీద పెట్టడమే. గదిలో మాటలన్నీ ట్రంకు కాల్ చేసినాయన చెవిలో పడేవి.

దీనికి విరుగుడు అమెరికాలో బెల్ సంస్థ 1938లో తెచ్చిన 1ఎ కీ టెలిఫోను. లైనుకొక బటను, హోల్డుకొక బటను. హోల్డు నొక్కితే ఫోనుకు బదులు ఒక రెసిస్టెన్సు లైనులో చేరుతుంది. రిసీవరు ఎత్తే ఉందని ఎక్స్‌ఛేంజీ అనుకుంటుంది, కాల్ తెగదు. అయితే 1960లలో వచ్చిన 1ఎ2 రకంలో కూడా ఒక్కొక్క ఫోనుకు 25 జతల తీగల లావుపాటి కేబులు లాగవలసి వచ్చేది. ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాకే ఆ బరువు తగ్గింది. మన దేశంలో 1984లో టెలిఫోను పరికరాల తయారీకి ప్రైవేటువారిని అనుమతించారు. సి-డాట్ స్థాపన కూడా ఆ ఏడాదే. అటుపైన చిన్న ఆఫీసులకు కూడా బటన్ల ఫోన్లు, ఇ.పి.ఎ.బి.ఎక్స్. పెట్టెలు చేరాయి.

ఏది కొనాలని అడిగినవారిని నేను మూడు ప్రశ్నలు వేసేవాణ్ణి. ఒకేసారి బయటివారితో ఎందరు మాట్లాడతారు? లైన్లు దాన్నిబట్టి ఉండాలి గాని బల్లలనుబట్టి కాదు. ఏ లైను ఖాళీయో అందరికీ కనబడాలా? రెండు లైన్లు, మూడు నాలుగు బల్లలైతే దీపాలున్న బటన్ల ఫోను చాలు. అంతకు మించితే ఇ.పి.ఎ.బి.ఎక్స్. మేలు. మూడవది ముఖ్యం. కరెంటు పోతే ఏ ఫోను పనిచేస్తుంది? పెట్టె ఆగిపోయినా కనీసం ఒక లైను నేరుగా ఒక ఫోనుకు చేరే ఏర్పాటు ఉండాలి.

ఇక లోపాలు. లోపం లైనుదా, లోపలిదా అని తేల్చే చోటు రోజెట్. లోపలి తీగలు విప్పి, మంచి ఫోను ఒకటి రోజెట్‌కు తగిలించాలి. డయల్ టోను వచ్చిందా, లోపం గోడకు ఇవతలే. రెండు లైన్ల ఫోనులో రెండవ దీపం వెలగకపోతే ముందు త్రాడు చూడాలి. ప్లగ్గులో మధ్య రెండు తీగలు మొదటి లైనువి, వాటికి అటూ ఇటూ ఉన్నవి రెండవ లైనువి. రెండు తీగల త్రాడు వేస్తే రెండవ లైను పలకదు. అంకెలు నొక్కినా కాల్ వెళ్లకపోతే పల్స్–టోన్ స్విచ్చి చూడాలి. పాత స్ట్రోజర్ ఎక్స్‌ఛేంజీలకు పల్సులే తెలుసు.

అన్నిటికన్నా మాయలమారి లోపం హంటింగులో వస్తుంది. మొదటి నంబరు ఎంగేజ్‌లో ఉంటే కాల్ దానంతట అదే రెండవ లైనుకు వెళ్లే సదుపాయమిది. ఒక ఆఫీసులో "ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తరు" అని జనం తిట్టుకొనేవారు. సిబ్బందేమో తమ ఫోను మోగనే లేదని ఒట్టేసేవారు. ఇద్దరూ నిజమే చెప్పారు. అటక మీద రెండవ లైను తీగను ఎలుక కొరికేసింది. తెగిన లైను ఎక్స్‌ఛేంజీ దృష్టిలో ఖాళీ లైనే. కాల్ దాని మీదికే పంపుతుంది, చేసినవారికి గంట మోగుతున్నట్లే వినిపిస్తుంది. మూరెడు తీగ మార్చాక ఆ తిట్లు ఆగాయి.

నేటి సంగతి కూడా చెప్పాలి. చాలాచోట్ల రాగి తీగ పోయి ఫైబరు వచ్చింది. పూర్వం ఫోనుకు కావలసిన 48 వోల్టులు ఎక్స్‌ఛేంజీ బ్యాటరీ పంపేది. ఫైబరు ఉన్నచోట గోడకున్న డబ్బా నుంచే ఫోనుకు కరెంటు అందాలి. దానికి బ్యాటరీ లేకుంటే కరెంటుతోపాటే ఫోనూ పోతుంది. అలాగే 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి మొబైలుకు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలి. బయటి లైనుకు సున్నా కొట్టే ఆఫీసుల్లో రెండు సున్నాలు అవసరమవుతాయి. ఫోను చెడిపోయిందనుకునేవారు ఇది గమనించాలి.

నవంబరులో జీవన ధ్రువపత్రం కోసం ఫోను చేసే పెద్దలకు ఆ గంట ఎవరో ఎత్తడమే కొండంత ధైర్యం. మన సంఘాల కార్యాలయాలవారికి నా మనవి ఒక్కటే. నెలకొకసారి మొదటి లైనును ఎంగేజ్‌లో ఉంచి, బయటినుంచి మీ నంబరుకు మీరే చేసి చూడండి. రెండవ లైను మన గదిలో మోగుతోందో లేదో అప్పుడు తెలుస్తుంది.