పైట కప్పని ఎడమ చెయ్యి

2007లో సదబీస్ వేలం సంస్థ ఒక పాత తైలవర్ణ చిత్రాన్ని అమ్మకానికి పెట్టింది. 1805 ప్రాంతంలో థామస్ హికీ అనే ఐరిష్ చిత్రకారుడు వేసిన బొమ్మ అది. అందులో ఒంటినిండా నగలతో ముగ్గురు స్త్రీలు. అంచనా ధర నాలుగు నుంచి ఆరు లక్షల పౌండ్లు. అంత ఖరీదు పలికే బొమ్మలో ఉన్నవాళ్ళెవరో చాలాకాలం ఎవరికీ తెలియదు. నాట్యగత్తెలో, వేశ్యలో అయివుంటారని అనుకుంటూ వచ్చారు. వీళ్ళు మైసూరు ఒడయార్ల రాణులని కేంబ్రిడ్జ్ చరిత్రకారుడు నైజెల్ చాన్సలర్ 2001లో ప్రచురించిన వ్యాసంలో వాదించాడు.

ఆయన చదివిన పద్ధతి ఆసక్తికరం. కుడివైపు అమ్మాయి మూడవ కృష్ణరాజ ఒడయారుకు చిన్న భార్య, దేవాజమ్మణ్ణి. మామూలుగా పైట కప్పివుంచాల్సిన ఎడమ చెయ్యి ఆమెకు బయటికి కనిపిస్తోంది. టీకా వేసిన చోటు చూపించడానికే అలా నిలబెట్టారంటాడు. ఎడమవైపు ఉన్నది పెద్ద భార్య. ఆమె పేరూ దేవాజమ్మణ్ణే. ఆమె ముక్కు కింద, నోటి చుట్టూ చర్మం రంగు మారివుంది. మశూచి పొక్కుల పొడిని ముక్కులోకి ఊదే పాత పద్ధతి మిగిల్చిన గుర్తు అది. నడుమ ఉన్నది నాయనమ్మ లక్ష్మమ్మణ్ణి అని ఆయన అభిప్రాయం. అంటే పాత వైద్యం ఒకపక్క, కొత్త వైద్యం మరోపక్క, మధ్యలో ఇంటిపెద్ద అనుమతి. ఇది చిత్తరువు కాదు, ప్రచారపత్రం.

అనంతపురంలో కూర్చుని ఈ బొమ్మ గురించి ఎందుకు రాయాలి? మైసూరు చరిత్రా మన చరిత్రా అప్పట్లో ఒకటే కాబట్టి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక అయిదేళ్ళ కృష్ణరాజును సింహాసనం ఎక్కించారు. హైదర్, టిప్పుల కాలమంతా కుంఫిణీతో రహస్యంగా రాయబారాలు నడిపిన లక్ష్మమ్మణ్ణి పంతం అలా నెరవేరింది. మన ప్రాంతం మాత్రం 1792, 1799 ఒప్పందాలతో నిజాం చేతికి వెళ్ళి, 1800లో కుంఫిణీకి దత్తమైంది. మొదటి ప్రధాన కలెక్టరుగా అనంతపురం వచ్చిన థామస్ మన్రో, మైసూరు పంపకాలు చేసిన కమిషన్‌కు కార్యదర్శులైన ఇద్దరిలో ఒకడు. ఒకే కత్తితో కోసిన రెండు ముక్కలం మనం. మన్రో పేరు పిల్లలకు పెట్టుకున్న నేల ఇది. మద్రాసులో గుర్రం మీద ఆయన విగ్రహం ఇప్పటికీ ఉంది. ఆయన ఎవరో తెలుసుకోడానికి ఏ చరిత్రకారుడూ ముక్కు కింది మచ్చలు వెతకనక్కర్లేదు.

ఇక్కడ ఒక ప్రశ్న దగ్గర ఆగాలి. పేరు తెలియని స్త్రీ బొమ్మ కనబడగానే 'వేశ్య అయివుంటుంది' అని ఎందుకు తోస్తుంది? పరాయి మగవాడి ఎదుట కూర్చుని బొమ్మ వేయించుకునే స్త్రీ కులస్త్రీ కాజాలదన్న నమ్మకం వల్ల. దానికి జవాబుగా 'కాదు, రాణులే' అని ఊపిరి పీల్చుకుంటే ఆ నమ్మకాన్నే మళ్ళీ బలపరిచినవాళ్ళమవుతాం. ముద్దుపళని విషయంలో జరిగింది గుర్తుచేసుకోండి. తంజావూరు ఆస్థానంలో పేరు ప్రతిష్ఠలతో బతికిన కవయిత్రి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ 'రాధికా సాంత్వనము'ను పరిష్కరించి అచ్చువేయిస్తే ఆ పుస్తకం నిషేధానికి గురైంది. పేరు పోయినందువల్ల రాణులు వేశ్యలయ్యారు. వేశ్య అయినందువల్ల కవయిత్రి పేరు చెరిగిపోబోయింది. గీత గీసిన చెయ్యి ఒకటే.

రెండో ప్రశ్న ఇంకా ఇబ్బందికరమైనది. ఆ చిన్నరాణి వయసు పన్నెండేళ్ళ లోపో, అటూ ఇటూనో. చెయ్యి చూపించమన్నప్పుడు ఆమెను ఎవరైనా అడిగారా? రాజు అభ్యంతరం చెప్పేంత పెద్దవాడు కాదు, రాణులు కాదనేంత పెద్దవాళ్ళు కారు, అందుకే ఈ బొమ్మ సాధ్యమైందన్నది చాన్సలర్ మాట. ఆమె టీకా వేయించుకోవడం చూసి జనం ముందుకొచ్చారని 1806 నాటి రికార్డు చెబుతోందట. ఆ వైద్యం మంచిదే, ప్రాణాలు నిలిపినదే. కానీ ఒక మంచిపనికి ఆడపిల్ల శరీరాన్ని ప్రకటనగా వాడుకున్నారన్న నిజం దానివల్ల చెరిగిపోదు. ఆ ఏర్పాటు వెనక ఉన్నది ఒక స్త్రీయే అన్న నిజమూ చెరిగిపోదు. లక్ష్మమ్మణ్ణి భర్తను మశూచికి పోగొట్టుకుందంటారు. అధికారం, దుఃఖం రెండూ ఆమె చేతిలోనే ఉన్నాయి. ఆమెను బాధితురాలనీ, పీడకురాలనీ ఒక్క మాటలో తేల్చేయలేం.

ఇక బొమ్మలో లేనివాళ్ళు. ఆ రోజుల్లో టీకా మందు సీసాల్లో రాలేదు. ఒకరి చేతి పొక్కు నుంచి రసం తీసి మరొకరి చేతికి ఎక్కిస్తూ ఊరూరా మోసుకెళ్ళేవాళ్ళు. మన దేశంలో అలా మొదట, 1802లో బొంబాయిలో, వేసింది మూడేళ్ళ అన్నా డస్ట్‌హాల్‌కు. ఒక తెల్లవాడి దగ్గర పనిచేసేవాళ్ళ బిడ్డ. ఆమె పేరైనా దక్కింది. ఆ తర్వాత గొలుసులో చేతులు అప్పగించిన పేదపిల్లల పేర్లు ఎవరు రాసిపెట్టారు? కులం తెలియని ఒంటి నుంచి వచ్చిన రసం రాణి ఒంట్లోకి చేరిందన్న సంగతి కూడా ఆ నగల వెనకే ఉంది.

మశూచిని 'అమ్మవారు' అని పిలిచి, వేపమండలతో సేవచేసిన ఆడవాళ్ళ నేల మనది. 1975లో దేశంలో చివరి కేసు నమోదయ్యేదాకా మన పల్లెల్లో ఆ భయం పోలేదు. పెద్ద వయసు స్త్రీల చేతుల మీద, పచ్చబొట్టు పక్కనే, గుండ్రటి టీకా మచ్చ ఇంకా కనిపిస్తుంది. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో డబ్ల్యూ. డబ్ల్యూ. హూపర్ తీసిన ఫొటోల్లో ఎముకల గూళ్ళలా కూర్చున్న స్త్రీలూ మన వాళ్ళలాంటి వాళ్ళే. వాళ్ళకు నగల్లేవు కాబట్టి వాళ్ళెవరో తేల్చడానికి ఆధారాలూ లేవు.

స్త్రీల చరిత్ర రాయడమంటే పోయిన పేర్లు వెతకడమే అని తరచూ అనుకుంటాం. రాణికి పేరు దొరకడం మంచిదే. అయితే పేరు దొరికే అవకాశం కూడా నగలను బట్టి, కొలువు కాగితాలను బట్టి పంచబడి ఉందని గుర్తించాలి. పేరు దొరకని చోట కూడా చరిత్ర రాయడం ఎలాగో నేర్చుకోవడమే ఇప్పుడు మన ముందున్న పని. ఆ పనికి చిత్తరువుల కంటే మచ్చలే ఎక్కువ ఉపయోగపడతాయేమో.